ఒకే చోట రోజుకో సముద్రం: తెయాహుపో ఒలింపిక్ సర్ఫింగ్‌ను ఎలా చూడాలి

2024 పారిస్ ఒలింపిక్స్ సర్ఫింగ్ పోటీలు జరిగింది పసిఫిక్‌లో ఫ్రాన్స్ పాలనలోని తాహితీ దీవిలో. జూలై 29న అక్కడి తెయాహుపోలో మొరాకో సర్ఫర్ రమ్జీ బుఖియామ్ 20కి 17.80 తెచ్చుకుని కూడా ఓడిపోయాడు. అతని మీద గెలిచిన బ్రెజిల్ సర్ఫర్ జువావ్ షియాంకాకు వచ్చింది 18.10. సరిగ్గా వారం తర్వాత, ఆగస్టు 5న, అదే చోట ఆస్ట్రేలియాకు చెందిన జాక్ రాబిన్సన్ 12.33తో సెమీఫైనల్ గెలిచాడు. అతని చేతిలో ఓడింది మూడుసార్లు ప్రపంచ చాంపియన్ అయిన గాబ్రియెల్ మెడీనా. స్కోరు 6.33. జూలై 29న ఒక్క అలకే 9.90 సాధించిన మెడీనా, వారం తిరిగేసరికి పట్టడానికి రెండో అల కూడా దొరక్క ఫైనల్‌కు దూరమయ్యాడు.

వారంలో ఎవరి ఆటా ఇంతగా దిగజారదు. మారింది సముద్రం. పారిస్ ఒలింపిక్స్ సర్ఫింగ్‌ను స్కోరుబోర్డు చూసి మాత్రమే ఫాలో అయినవాళ్లకు సగం కథే తెలిసింది. మిగతా సగం అంతకు మూడు, నాలుగు రోజుల ముందు, వేల కిలోమీటర్ల దూరంలో మొదలైంది.

ముందు ఆట నియమాలు క్లుప్తంగా. ఇద్దరు సర్ఫర్లు సుమారు అరగంట సేపు ఒకే నీళ్లలో ఉంటారు. దీన్ని హీట్ అంటారు. మొదటి రౌండులో మాత్రం ముగ్గురేసి ఉంటారు. పట్టిన ప్రతి అలకూ ఐదుగురు జడ్జీలు 10కి మార్కులు వేస్తారు. అందులో అన్నిటికన్నా ఎక్కువది, తక్కువది తీసేసి, మిగిలిన మూడింటి సగటు తీసుకుంటారు. ఎన్ని అలలు పట్టినా లెక్కలోకి వచ్చేది బాగా చేసిన రెండు అలలే. అందుకే మొత్తం 20కి. ఎంత కష్టమైన అలను ఎంచుకున్నారు, ఎంత తెగువగా దాని మీదికి వెళ్లారు, వేగం, బలం, తడబాటు లేని కదలిక, విన్యాసాల్లో వైవిధ్యం - ఇవీ జడ్జీలు చూసేవి. అయితే తెయాహుపోలో మిగతావన్నీ ఒక ఎత్తు, బ్యారెల్ ఒక ఎత్తు. అల పైఅంచు ముందుకు విరిగి పడుతున్నప్పుడు లోపల ఏర్పడే గొట్టంలోకి దూరి, మూసుకుపోయేలోపు బయటికి రావాలి. ఎంత లోతుగా దూరారు, ఎంతసేపు కనిపించకుండా ఉన్నారు, నిలబడే బయటికొచ్చారా లేదా అన్నదాని మీదే పెద్ద మార్కులన్నీ ఆధారపడతాయి.

కొత్తగా చూసేవాళ్లకు ఎవరూ చెప్పని సంగతి ఇంకొకటుంది. ఈ మార్కులకు స్థిరమైన కొలబద్ద లేదు. ఆ రోజు సముద్రం ఇస్తున్న అలల్లో ఏది మేలైనది, దాన్ని ఎవరు ఎంత బాగా వాడుకున్నారు అన్నది చూసి జడ్జీలు ఏ రోజు స్కేలు ఆ రోజు కుదుర్చుకుంటారు. టెస్టు మ్యాచ్ ఐదో రోజు పిచ్ మీద చేసిన 40 పరుగుల్ని మొదటి రోజు సెంచరీ పక్కన పెట్టి చూసే క్రికెట్ అభిమానికి ఇది వెంటనే బోధపడుతుంది. కాబట్టి జూలై 29 నాటి 7నీ ఆగస్టు 5 నాటి 7నీ ఒకే త్రాసులో వేయకూడదు.

అల ఎక్కడ పుడుతుంది

తెయాహుపో అల అక్కడి గాలికి పుట్టేది కాదు. న్యూజిలాండ్‌కు దక్షిణాన, అంటార్కిటికా చుట్టూ తిరిగే మహాసముద్రంలో చలికాలంలో ఒకదాని వెంట ఒకటిగా తుపాన్లు నడుస్తాయి. అక్కడ జూలై, ఆగస్టు చలికాలం. ఆ గాలులు నీటి మీద రోజుల తరబడి, వందల కిలోమీటర్ల మేర ఒకే దిక్కుగా వీచినప్పుడు పుట్టిన అలలు, తుపాను ప్రాంతం దాటి బయటపడ్డాక క్రమంగా సర్దుకుని, వరుసలు కట్టి ఉత్తరానికి ప్రయాణం చేస్తాయి. ఇలా దూరం నుంచి వచ్చే అలల ప్రవాహాన్ని స్వెల్ అంటారు. దారిలో అవి పోగొట్టుకునే శక్తి ఆశ్చర్యపోయేంత తక్కువ. 1963లో సముద్ర శాస్త్రవేత్త వాల్టర్ మంక్ బృందం న్యూజిలాండ్ నుంచి సమోవా, హవాయిల మీదుగా అలాస్కా దాకా కొలత కేంద్రాలు పెట్టి, దక్షిణ మహాసముద్రంలో పుట్టిన అలలు పసిఫిక్ మొత్తం దాటి అలాస్కా తీరం చేరతాయని రుజువు చేసింది.

స్వెల్ అంచనా చూసేటప్పుడు చాలామంది అల ఎత్తు ఒక్కటే చూస్తారు. దానికన్నా ముందు చూడాల్సింది పీరియడ్, అంటే ఒక అల తర్వాత ఇంకో అల రావడానికి పట్టే సెకన్లు. 16 సెకన్ల స్వెల్‌లో అలకూ అలకూ మధ్య దూరం నడిసముద్రంలో సుమారు 400 మీటర్లు. ఒక్కో అల గంటకు దాదాపు 90 కిలోమీటర్ల వేగంతో కదులుతుంది. కానీ అలల గుంపు మొత్తంగా ముందుకు సాగేది అందులో సగం వేగంతోనే. అంటే రోజుకు వెయ్యి కిలోమీటర్ల పైచిలుకు. 12 సెకన్ల స్వెల్ అయితే రోజుకు 800 కిలోమీటర్లే పోగలదు. మూడు వేల కిలోమీటర్ల ప్రయాణంలో ఈ రెండింటి మధ్య దాదాపు ఒక రోజు తేడా వచ్చేస్తుంది.

పోటీని ఫాలో అయ్యేవాళ్లకు ఇది ఎంతో పనికొచ్చే లెక్క. ఒకే తుపానులో పుట్టినా పొడవాటి అలలు ముందు చేరతాయి, పొట్టివి వెనకాల వస్తాయి. పీరియడ్ 17, 18 సెకన్లు చూపిస్తోందంటే స్వెల్ ఇప్పుడే మొదలవుతోందని అర్థం. అలలు తక్కువగా వస్తాయి, వచ్చినవి భయంకరమైన బలంతో వస్తాయి, మధ్యలో సముద్రం చాలాసేపు నిశ్చలంగా ఉంటుంది. పీరియడ్ తగ్గుతూ 12, 13కు దిగిందంటే స్వెల్ ముసలిదైపోతోంది. మామూలుగా అలలు రెండు, మూడు, నాలుగు చొప్పున గుంపుగా వస్తాయి. ఈ గుంపును సెట్ అంటారు. స్వెల్ నిండుగా ఉన్న రోజు అరగంట హీట్‌లో సర్ఫర్‌కు చాలా సెట్లు దొరుకుతాయి. తగ్గిపోతున్న రోజు ఒక్క సెట్టే రావచ్చు. ఆగస్టు 5న మెడీనాకు జరిగింది ఇదే. అరగంటంతా నీళ్ల మీద కూర్చుని క్షితిజం వైపు చూడటమే మిగిలింది.

మీటరు లోతు మీద పడే సముద్రం

ఇంత శక్తితో వచ్చిన స్వెల్ మామూలు ఇసుక తీరానికి చేరితే, అడుగు కొద్దికొద్దిగా మెరక అవుతుంది కాబట్టి, అల కూడా మెల్లగా నెమ్మదించి మెల్లగా విరుగుతుంది. తెయాహుపోలో ఆ వెసులుబాటు లేదు. తీరానికి అర కిలోమీటరుకు పైగా దూరంలో పగడపు దిబ్బ ఉంది. దాని బయటి అంచు నుంచి సముద్రం అడుగు నిట్టనిలువుగా లోతుకు దిగిపోతుంది. నడిసముద్రపు వేగంతో వచ్చిన అల ఉన్నట్టుండి మీటరు అటూ ఇటూ లోతున్న పగడం మీదికి ఎక్కుతుంది. అడుగుభాగం ఆగిపోతుంది, పైభాగం ఆగదు. ముందున్న నీటిని కూడా లాక్కోవడంతో అల ఎదుట సముద్రమట్టమే కిందికి కుంగినట్టవుతుంది. వెనక నుంచి చూస్తే పెద్దగా ఎత్తు కనిపించదు. ముందు నుంచి చూస్తే మందపాటి నీటి గోడ. సర్ఫర్ పడితే పడేది పగడం మీద. మొదటి రోజే ఫ్రాన్స్‌కు చెందిన జొహాన్ దెఫే తల దిబ్బకు తగిలి కుట్లు పడ్డాయి. ఆమె మళ్లీ నీళ్లలోకి దిగి చివరికి కాంస్య పతకం గెలిచింది. ఈ పోటీలో గుర్తుంచుకోవలసిన పేర్లలో ఆమెది ముందుండాలి.

దిబ్బకు పక్కనే హవాయే అనే లోతైన కాలువ ఉంది. కొండల మీద నుంచి దిగే మంచినీళ్లు అక్కడ సముద్రంలో కలుస్తాయి. మంచినీటిలో పగడం పెరగదు కాబట్టి దిబ్బకు అక్కడ గండి పడింది. అల ఈ కాలువ దగ్గరికి వచ్చి చల్లారిపోతుంది. సర్ఫర్ బయటపడేది అటే, పడవల్లో జనం, ఫొటోగ్రాఫర్లు నిలబడేది కూడా అక్కడే. మెడీనా తన 9.90 అల ముగించి, వేలు పైకి చూపిస్తూ, బోర్డు పక్కనే నిలువుగా ఉండగా గాలిలో నిలబడిపోయినట్టు కనిపించే ఫొటో ప్రపంచమంతా తిరిగింది కదా, వార్తాసంస్థ ఏఎఫ్‌పీ ఫొటోగ్రాఫర్ జెరోమ్ బ్రూయే దాన్ని తీసింది ఈ కాలువలోని పడవ మీద నుంచే.

పోటీకి ముందు జరిగిన గొడవ కూడా ఈ దిబ్బ గురించే. జడ్జీల కోసం పాత చెక్క టవరు బదులు కొత్త అల్యూమినియం టవరు కట్టాలని నిర్వాహకులు నిర్ణయించారు. 2023 డిసెంబరులో ఆ పని కోసం తెచ్చిన బార్జి (బరువులు మోసే పడవ) తగిలి పగడం విరిగింది. స్థానికులు, సర్ఫర్లు నిరసన తెలిపారు, పిటిషన్ మీద లక్షల్లో సంతకాలు పడ్డాయి. టవరు పరిమాణం తగ్గించారు కానీ కట్టడం మానలేదు. స్థానికుల ఆందోళన కేవలం పర్యావరణానికి సంబంధించినదని కొందరు తేలిగ్గా తీసేశారు. అది పొరపాటు. ఆ అల అలా విరగడానికి కారణమే ఆ దిబ్బ ఆకారం. దిబ్బ పాడైతే ఆ అల ఉండదు, పోటీ ఉండదు, చేపలూ ఉండవు. ఊరి బతుకు మొత్తం దాని మీదే.

ఇక దిక్కు, గాలి. స్వెల్ మరీ దక్షిణం నుంచి వస్తే అల కాస్త మెత్తబడుతుంది. పడమర వైపు తిరిగేకొద్దీ దిబ్బ మీద ఒక్కసారిగా మూసుకుపోయే ప్రమాదం పెరుగుతుంది. నైరుతి నుంచి వచ్చిన స్వెల్‌కే ఆ గొట్టం అందంగా తెరుచుకుంటుంది. గాలి విషయానికొస్తే, పొద్దున లోయల్లో నుంచి సముద్రం వైపు వీచే గాలి అల ముఖాన్ని నున్నగా ఉంచి, కాసేపు నిలబెడుతుంది. గాలి తిరిగి సముద్రం నుంచి ఒడ్డుకు వీచిందంటే నీళ్లన్నీ గరుకుగా అయిపోతాయి. అందుకే ఎక్కువ పోటీలు పొద్దున్నే మొదలుపెడతారు. చాలా తీరాల్లో ఆటుపోట్లు కూడా పెద్ద విషయమే. తాహితీలో మాత్రం వాటి తేడా సుమారు ఓ అడుగు. పైగా అక్కడ చంద్రుడి ప్రభావం బాగా తక్కువ కావడంతో, రోజూ మిట్టమధ్యాహ్నం, అర్ధరాత్రి ప్రాంతాల్లోనే పోటు వస్తుంది. ఆటుపోట్ల పట్టిక పట్టుకుని కూర్చోవలసిన పని లేని అరుదైన పోటీ స్థలం ఇది.

పది రోజుల్లో ఐదు రోజులు

ఇవన్నీ కుదిరే రోజును ముందుగా క్యాలెండర్‌లో రాసిపెట్టలేం. అందుకే సర్ఫింగ్‌కు తేదీ ఉండదు, వెయిటింగ్ పీరియడ్ ఉంటుంది. తెయాహుపోలో అది జూలై 27 నుంచి ఆగస్టు 5 వరకు. పోటీ జరిగింది ఐదు రోజులే. 27, 28 తేదీల్లో తొలి రెండు రౌండ్లు అయిపోయాయి. 29న స్వెల్ ఉచ్చస్థితికి చేరింది, పురుషుల మూడో రౌండు జరిగింది. బుఖియామ్, షియాంకాల హీట్, మెడీనా 9.90, రాబిన్సన్ అమెరికా దిగ్గజం జాన్ జాన్ ఫ్లోరెన్స్‌ను ఓడించడం, అన్నీ ఆ ఒక్క రోజే. తర్వాత వాతావరణం పాడైంది. మహిళల మూడో రౌండు వాయిదా పడింది. 30, 31 తేదీలు ఖాళీగా పోయాయి. ఆగస్టు 1న మహిళల మూడో రౌండుతో పాటు పురుషుల, మహిళల క్వార్టర్‌ఫైనల్స్ పూర్తిచేశారు. మళ్లీ మూడు రోజులు నిరీక్షణ. సెమీస్, ఫైనల్స్ అన్నీ గడువులోని ఆఖరి రోజు, ఆగస్టు 5న.

టీవీ ముందు కూర్చున్నవాళ్లకు ఈ వాయిదాలు విసుగు. మన దగ్గరైతే ఇంకా టెన్షన్: అక్కడ పొద్దున ఏడు గంటలంటే ఇక్కడ రాత్రి పదిన్నర. మేలుకుని కూర్చుంటే ఆ రోజు పోటీ లేదన్న కబురు వస్తుంది. అయినా ఈ ఆటలో నిర్వాహకులు తీసుకునే అన్నిటికన్నా కష్టమైన నిర్ణయం ఈ రోజు ఆడించాలా, ఆగాలా అన్నదే. 2021లో టోక్యో ఒలింపిక్స్‌లో దీనికి ఎదురు దిశలో, ఆగకుండా తొందరపడాలన్న నిర్ణయం తీసుకోవాల్సి వచ్చింది. అక్కడ చిబా తీరంలోని త్సురిగసాకిలో మామూలుగా అలలు చిన్నవి. తుపాను దగ్గరికి రావడంతో అలలు లేచాయి. ఫైనల్స్‌ను అనుకున్నదానికన్నా ఒక రోజు ముందే, జూలై 27న ముగించారు. ఇసుక తీరంలో, గాలికి చెదిరిన అలల మీద బ్రెజిల్‌కు చెందిన ఇటాలో ఫెరేరా, అమెరికాకు చెందిన కరిస్సా మూర్ స్వర్ణాలు గెలిచారు.

ఇక్కడ ఒక న్యాయమైన ప్రశ్న ఉంది. 29 నాటి అలలే అన్నిటికన్నా గొప్పవి, మరి పతకాలు ఆ రోజు తేలకుండా, చల్లబడిన సముద్రంలో తేలడం సరైనదేనా? పూర్తిగా సరైనదని అనలేం. మహిళల విషయంలో ఇది మరీ బాధాకరం. 2006 తర్వాత ప్రపంచ టూర్‌లో (వృత్తి సర్ఫర్లకు ఏటా జరిగే పోటీల వరుస) మహిళలకు తెయాహుపోలో పోటీయే పెట్టలేదు. 2022లో గానీ తిరిగి అవకాశం రాలేదు. 2024 మేలో అక్కడ జరిగిన టూర్ పోటీని ఫ్రెంచ్ పాలినీషియాకే చెందిన వాహినే ఫియెర్రో గెలిచి, ఆ అలలో మహిళలు ఏం చేయగలరో చూపించింది. అలాంటామె ఒలింపిక్స్‌లో మూడో రౌండు ఆడింది పెద్ద అలలు వెళ్లిపోయాక, ఆగస్టు 1న. దెఫే చేతిలో ఓడిపోయింది. ఆ రౌండు ఉచ్చస్థితిలో పడి ఉంటే ఫలితం ఎలా ఉండేదన్నది ఫియెర్రో అభిమానుల్ని ఎప్పటికీ వదలని ప్రశ్న.

కానీ పెద్ద అలల రోజు గెలిచినవాడే గొప్ప అని తేల్చేస్తే ఈ ఆట అర్థమే మారిపోతుంది. ఆగస్టు 5 పురుషుల ఫైనల్‌ను దగ్గరగా చూస్తే ఆ విషయం తెలుస్తుంది. రాబిన్సన్‌కు ప్రత్యర్థి ఫ్రాన్స్ తరఫున ఆడిన 22 ఏళ్ల కౌలీ వాస్త్. తాహితీ కుర్రాడు, తెయాహుపో పొరుగూరు వైరావోలో పెరిగాడు, ఎనిమిదేళ్ల వయసు నుంచి ఆ దిబ్బ మీదే ఉన్నాడు. హీట్ మొదలవగానే మంచి అల ఒకటి వచ్చింది. వాస్త్ దాన్ని వదల్లేదు: 9.50. కాసేపటికే ఇంకొకటి: 8.17. మొత్తం 17.67. రాబిన్సన్‌కు ఒక్క అల దక్కింది, 7.83. గెలవాలంటే రెండో అలకు అతనికి కనీసం 9.84 కావాలి. అరగంటలో అంతటి అల ఇంకొకటి వస్తే అతను తీసుకునేవాడే, ఆ సామర్థ్యం అతనికుంది. రాలేదు. ఏ అలా రాలేదు. తుది స్కోరు 17.67 - 7.83.

దీన్ని అదృష్టమని కొట్టిపారేసినవాళ్లున్నారు. రోజులో మంచి అలలు పది ఉంటే వాటిలో ఏదో ఒకటి పట్టుకోవడానికి ప్రతిభ చాలు. రెండే ఉంటే, ఆ రెండూ ఎక్కడ లేస్తాయో, వాటి కోసం ఎంత లోపలికి జరిగి కూర్చోవాలో, ముందు వచ్చిన దాన్ని వదిలేయాలో లేదో తెలిసి ఉండాలి. పైగా ప్రయారిటీ నియమం ఉంది. ప్రయారిటీ ఉన్న సర్ఫర్‌కు నచ్చిన అల మీద తిరుగులేని హక్కు, అల తీసుకోగానే ఆ హక్కు ఎదుటివారికి పోతుంది. నాసిరకం అల కోసం దాన్ని ఖర్చుపెట్టినవాడు, వెనకాలే వచ్చిన మంచి అల ప్రత్యర్థికి పోతుంటే చూస్తూ ఉండాలి. సముద్రం చల్లబడేకొద్దీ ఇలాంటి ఒక్కో నిర్ణయం విలువ పెరుగుతుంది. వాస్త్ గెలిచింది ఆ విలువ తెలిసి. పెద్ద అలలే ఉన్న రోజు ఫైనల్ పెట్టి ఉంటే ఈ నేర్పు బయటపడేది కాదు.

మహిళల ఫైనల్ ఇంకా సన్నటి దారం మీద నడిచింది. అమెరికాకు చెందిన కరోలిన్ మార్క్స్ అంతకుముందు సెమీస్‌లో దెఫేతో 12.17 దగ్గర సమానంగా నిలిచి, ఒక్క అలలో ఎక్కువ మార్కులు తనవే కావడంతో ఫైనల్‌కు వచ్చింది. ఫైనల్లో ఆమెకు 7.50, 3.00 కలిపి 10.50. బ్రెజిల్‌కు చెందిన తాతియానా వెస్టన్-వెబ్ దగ్గర 5.83 ఉంది, రెండో అలకు 4.68 కావాలి. ఆఖరి క్షణాల్లో అల దొరికింది, తీసుకుంది, జడ్జీలు ఇచ్చింది 4.50. తేడా 0.17. స్వర్ణం గెలిచినామె లెక్కలో ఒక అల విలువ మూడే మార్కులని గమనించాలి. ఆ సముద్రంలో ఆ మూడు మార్కులకు ఉన్న బరువు, 29వ తేదీన తొమ్మిదికి కూడా లేదు.

ఇకపై ఫాలో అయ్యేవాళ్లకు

పోటీకి నాలుగు రోజుల ముందు తుపాను ఎక్కడుందో చూడాలి. రెండు రోజుల ముందు పీరియడ్ ఎంత, దిక్కు ఏది అన్నది. ఆ రోజు పొద్దున గాలి. పోటీ మొదలయ్యాక మాత్రం స్కోరు కన్నా ముందు సెట్‌కూ సెట్‌కూ మధ్య ఎన్ని నిమిషాలు పడుతోందో గమనించాలి. అది ఏడెనిమిది నిమిషాలు దాటుతోందంటే, మొదటి మంచి అలను వదిలేసిన సర్ఫర్ ఇబ్బందుల్లో పడినట్టే. ప్రయారిటీ ఎవరిదో తెరమీద ఎప్పుడూ చూపిస్తుంటారు, కళ్లు అక్కడే ఉంచాలి.

ఈ అంచనాల వెనక ఉన్న శాస్త్రం మనకేమీ పరాయిది కాదు. దక్షిణ హిందూ మహాసముద్రంలో పుట్టిన స్వెల్ రోజుల తర్వాత, స్థానికంగా గాలీ వానా ఏమీ లేకుండానే, కేరళ తీరపు ఇళ్లలోకి నీళ్లు తెస్తుంది. అక్కడివాళ్లు దాన్ని కల్లక్కడల్ అంటారు. దాని మీద హెచ్చరికలు తయారయ్యేది హైదరాబాద్‌లో, 1999లో ఏర్పడిన ఇన్‌కాయిస్‌లో (భారత జాతీయ సముద్ర సమాచార సేవల కేంద్రం). మత్స్యకారుల కోసం ఆ సంస్థ ఇచ్చే అలల ఎత్తు, పీరియడ్, దిక్కు అంచనాలు ఎవరైనా చూడవచ్చు. విశాఖ రుషికొండలో బోర్డు పట్టుకుని దిగే కుర్రాళ్లకు కూడా అవే పనికొస్తాయి. మన దేశంలో పోటీ సర్ఫింగ్ కూడా ఎదుగుతోంది: 2025 ఆగస్టులో మహాబలిపురంలో జరిగిన ఆసియా సర్ఫింగ్ చాంపియన్‌షిప్స్‌లో రమేశ్ బుధిహాల్ కాంస్యం గెలిచాడు.

2028 లాస్ ఏంజెలెస్ ఒలింపిక్స్‌లో సర్ఫింగ్ శాన్ క్లెమెంటే దగ్గరి ట్రెసల్స్‌లో జరుగుతుంది. జూలై కాబట్టి అక్కడికి వచ్చే మేలైన స్వెల్ కూడా దక్షిణ మహాసముద్రపు తుపాన్ల నుంచే. కాకపోతే తాహితీకి మూడు, నాలుగు రోజుల్లో చేరేది కాలిఫోర్నియాకు చేరడానికి వారం దాకా పడుతుంది. దారిలో విస్తరించి ఎత్తు తగ్గుతుంది. అడుగున గుండ్రాళ్లు, లోతు మెల్లగా తగ్గే నేల. కాబట్టి అల తీరిగ్గా, పొడవుగా విరుగుతుంది, బ్యారెల్ కన్నా మలుపులకూ గాలిలోకి ఎగిరే విన్యాసాలకూ మార్కులు పడతాయి. తెయాహుపోలో పతకం తెచ్చిన నేర్పు అక్కడ అంతగా అక్కరకు రాకపోవచ్చు. మధ్యాహ్నమయ్యేసరికి సముద్రపు గాలి మొదలై నీళ్లు చెదిరిపోతాయి గనుక, అక్కడ కూడా మంచి హీట్లన్నీ ఉదయం పూటే పడతాయి.